పదకొండేళ్లు నడిపిన సెకండ్ హ్యాండ్ డెకాథ్లాన్: చూసి కొన్నవి, చూడక మునిగినవి

నల్గొండలో పుట్టినవాడికి తలకిందులుగా ఎగిరే విమానంతో ఏం పని అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. పని ఏమీ లేదు, పిచ్చి అంతే. హ్యూస్టన్ దగ్గర ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ, వనపర్తి అన్న ఒకాయనా, సూర్యాపేట తమ్ముడు ఒకడూ కలిసి 2011లో సూపర్ డెకాథ్లాన్ అనే ఒక పాత విన్యాసాల విమానం కొన్నాం. 1978లో తయారైంది. 2022లో నా వాటా ఇచ్చేసి ఇంటికి వచ్చాను. మొన్న డాలస్‌లో ఉన్న మా మిర్యాలగూడ మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, నాకూ ఒకటి దొరికింది, రంగు మాత్రం తళతళ మెరుస్తోంది" అన్నాడు. మెరుస్తోంది అనగానే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ముందు విమానం సంగతి. ముందొక సీటు, దాని వెనకొక సీటు. రెక్క పైన, చిన్న చక్రం తోక కింద. లైకమింగ్ కంపెనీ చేసిన 180 హార్స్ పవర్ ఇంజిన్. ప్లస్ 6 జీ నుంచి మైనస్ 5 జీ వరకు తట్టుకునేలా కట్టారు. 6 జీ అంటే 80 కిలోల మనిషి ఆ క్షణానికి సీటు మీద 480 కిలోలై కూర్చుంటాడు. ఆ బరువు సీటు మీదే కాదు, రెక్కల మీదా పడుతుంది. మేం కొనేనాటికే ముప్పై ఏళ్లకు పైగా ఎవరెవరో దాన్ని అలా లాగుతూ వచ్చారన్నమాట. పిట్స్ అనే ఇంకో విన్యాసాల విమానమంత చురుకు లేదు, రోల్ కొట్టాలంటే, అంటే గాలిలో పొర్లించాలంటే, పైలట్ పట్టుకొని నడిపే కర్ర మీద చేతి బలం పెట్టాలి. కానీ లూపు, రోల్, స్పిన్ లాంటి విన్యాసాలు నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఓపికైన బండి నాకు తగల్లేదు.

మా నాయన అంగడికి పోతే కోడెల కొమ్ములకు పూసిన రంగు వంక చూసేవాడు కాదు. నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు. విమానానికి పళ్లు దాని లాగ్‌బుక్కులే. ఇంజిన్‌కు ఒకటి, ప్రొపెల్లర్‌కు ఒకటి, విమానం ఒంటికి ఒకటి ఉంటాయి. వాటితోపాటు ఓక్లహోమా సిటీలో ఎఫ్ఏఏ, అంటే అమెరికా విమానయాన శాఖ, దాచిపెట్టే రికార్డు తెప్పించుకోవాలి. పెద్ద మరమ్మతు ఏది చేసినా ఫారం 337 అక్కడికి చేరుతుంది. అమ్మేవాడి నోట రాని మాట చాలాసార్లు ఆ కాగితంలో దొరుకుతుంది.

మేం మొదట చూసింది ఈ విమానం కాదు. ఎర్రగా తెల్లగా కొత్త పెయింట్ వేసిన ఇంకో డెకాథ్లాన్. వనపర్తి అన్న అయితే అడ్వాన్స్ చెక్కు జేబులో పెట్టుకొని వచ్చాడు. లాగ్‌బుక్‌లో ఒక చోట రెక్క చివరి వంపు మార్చినట్టు ఒక్క లైను ఉంది. ఎందుకు మార్చారో లేదు. తోక చక్రం విమానాలు దిగాక నేల మీద గిర్రున తిరిగి, రెక్క కొసను రన్‌వేకు రాసుకోవడం మామూలే. కొస విరిగితే కొత్తది వేయొచ్చు. అసలు ప్రశ్న ఆ దెబ్బ లోపల దూలం దాకా పోయిందా అన్నది.

దీని గురించే ఎక్కువ రాయాలి. ఆ కాలపు డెకాథ్లాన్ రెక్కలో పొడవునా ముందొకటి, వెనకొకటి స్ప్రూస్ కర్ర దూలాలు ఉంటాయి. వాటినే స్పార్ అంటారు. మీద గుడ్డ కప్పి ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ కనపడదు. దెబ్బ తగిలినప్పుడు కర్ర ఒక వైపు నొక్కుకుపోయి పోగుకు అడ్డంగా సన్నటి గీత పడుతుంది. వెంట్రుక కన్నా సన్నం. విరగదు, చప్పుడు చేయదు, ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది. ఏదో ఒక రోజు గట్టిగా పైకి లాగినప్పుడు రెక్క పోతుంది. ఇందుకోసమే ఎఫ్ఏఏ ఏడీ 2000-25-02 అనే ఆదేశం ఇచ్చింది. రెక్క కిందున్న మూతలు తీసి, టార్చి, చిన్న అద్దం లేదా బోరోస్కోప్ (సందుల్లోకి దూర్చి చూసే సన్నటి గొట్టం) పెట్టి దూలాన్ని అడుగడుగునా చూడాలి. ముఖ్యంగా దూలానికి ప్లైవుడ్ పట్టీ అంటించిన చోట, ఆ పట్టీ ఆగిపోయే అంచు దగ్గర. రెక్కలోని అడ్డపట్టీలను దూలానికి పట్టి ఉంచే చిన్న మేకులు లేచినా, ఊడినా దాన్ని గుర్తుగా తీసుకొని ఇంకా వెతకాలి.

మా మెకానిక్ ఆ ఎర్ర విమానం ఎడమ రెక్క కింద గంటన్నర పడుకున్నాడు. లేచి, నన్నూ చూడమన్నాడు. నాకు మొదట ఏమీ కనిపించలేదు. టార్చిని పక్కవాటంగా పట్టాక పట్టీ అంచు దగ్గర అడ్డంగా గీత తేలింది. తనిఖీకి మేం ఇచ్చింది 600 డాలర్లు. సూర్యాపేట తమ్ముడు దండగ అన్నాడు. వనపర్తి అన్న మాత్రం చెక్కు చింపేసి మాకు బిర్యానీ తినిపించాడు. ఒక్క జాగ్రత్త: మెకానిక్ మీవాడై ఉండాలి. అదే విమానాన్ని ఏటా తనిఖీ చేసి సంతకం పెట్టేవాడితో చూపిస్తే, తన సంతకాన్ని తానే ఎందుకు తప్పు పడతాడు? తర్వాతి కాలంలో డెకాథ్లాన్ల తయారీ చేపట్టిన అమెరికన్ ఛాంపియన్ కంపెనీ లోహపు స్పార్ రెక్కలు చేసింది, పాతవాటికీ బిగించుకోవచ్చు. అల్లుడు చూసినదానికి అవి ఉంటే నాకు సగం బెంగ తీరినట్టే.

రెండో విమానం రంగు వెలిసిపోయి ఉండె. లాగ్ మాత్రం ఒక్క పేజీ తప్పిపోకుండా ఉంది, స్పార్ శుభ్రం. అదే కొన్నాం. దాని విషయంలో మేం తప్పు చేసింది ఇంజిన్ దగ్గర.

పాత యజమాని ఐదేళ్లలో కలిపి 60 గంటలు కూడా ఎగరలేదు. తక్కువ తిరిగిన బండి, ఇంజిన్ కొత్తదే అనుకొని మురిసిపోయాం. ట్రాక్టర్‌ను రెండు వానాకాలాలు షెడ్డులో వదిలేస్తే ఏమవుతుందో తెలిసిన ఊళ్లో పుట్టి కూడా ఈ తప్పు చేశాం. లైకమింగ్‌లో కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిచే ఇరుసు, పైభాగాన ఉంటుంది. నడపక ఊరికే పెడితే ఆయిల్ కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది, తర్వాత నడిపినప్పుడు పొక్కులు లేచి అరుగుతుంది. హ్యూస్టన్ తేమ గాలి ఎట్లాంటిదో అక్కడున్నవాళ్లకు తెలుసు. మూడో ఏడు ఆయిల్ ఫిల్టర్ కోసి విప్పితే మడతల్లో ఇనుప రజను మెరిసింది. ఇంజిన్ మొత్తం విప్పించాం. ముగ్గురం ఇరవై వేల డాలర్ల పైనే పెట్టుకున్నాం. కొనేటప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలి ఒత్తిడిని ఎంత నిలబెడుతున్నాయో, చూశాం, నాలుగు సిలిండర్లూ 80కి 74 దాటి చూపించాయి. కానీ ఆ పరీక్ష కామ్ సంగతి చెప్పదు. ఒక సిలిండర్ తీసి లోపలికి తొంగి చూసి ఉంటే తెలిసేది. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ధర తగ్గించమని అయినా అడగొచ్చు. ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం, అయి పన్నెండేళ్లు దాటితే, గంటలు ఎన్ని ఉన్నా మళ్లీ చేయించమనే లైకమింగ్ సలహా. అమ్మకం ప్రకటనల్లో గంటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, తేదీ మాత్రం వెతుక్కోవాలి.

తలకిందుల ఏర్పాటును గాలిలోనే చూడాలి. మామూలు విమానం బోర్లా పడితే పెట్రోలూ ఆయిలూ అందక ఇంజిన్ ఆగిపోతుంది. ఇందులో చిన్న హెడర్ ట్యాంకు సుమారు రెండు నిమిషాలు పెట్రోలు పంపుతుంది. ఆయిల్‌కు వేరే గొట్టాలు, వాల్వు ఉంటాయి. తిప్పిన క్షణం ఆయిల్ ప్రెషర్ ముల్లు కాస్త పడి వెంటనే లేవాలి. లేవకపోతే తిన్నగా చేసుకొని దిగిపోవడమే. స్పార్ చూడకముందు మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. అమ్మేవాడు ఎంత బాగా తిప్పి చూపిస్తానన్నా మీరు వెనక సీట్లో ఎక్కొద్దు. విమానాన్ని ఎన్ని జీల దాకా లాగారో చూపే ప్యానెల్ మీది జీ మీటర్‌ను చూసి మోసపోవద్దు, ఒక బటన్ నొక్కితే దాని ముళ్లు మొదటికి వస్తాయి.

మేం మొదటిసారి తలకిందులు చేసినప్పుడు మా మీద పడ్డవి: ఒక పెన్ను మూత, సెంటు నాణేలు రెండు, ఒక స్క్రూ, పిడికెడు దుమ్ము. నవ్వుకున్నాం. ఆ స్క్రూ నడిపే కర్రను తోకకు కలిపే ఏర్పాటులో ఇరుక్కుంటే ఏమయ్యేదో దిగాక మెకానిక్ చెప్పినప్పుడు నవ్వు ఆగింది. కొన్న రోజే నేలమూతలు తీసి, వ్యాక్యూమ్ పెట్టి అడుగంతా ఊడ్పించండి. ఎలుకల గూడు దొరికితే ఆ చుట్టుపక్కల ఇంకా శ్రద్ధగా చూడండి, వాటి మూత్రానికి ఇనుము తినిపోతుంది. ఒంటి చట్రం ఉక్కు గొట్టాలతో కట్టింది, తోక దగ్గర అడుగు గొట్టాల్లో నీళ్లు నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. మొన తేలిన పనిముట్టుతో గట్టిగా పొడిచి చూస్తే తెలిసిపోతుంది. గుడ్డకు ఎండే శత్రువు. రెక్క లోపల బల్బు పెట్టి చూస్తే, వెండి పూత పలచబడిన చోట వెలుతురు బయటికి వస్తుంది.

ప్యారాచూట్లు కూడా లెక్కలో వేసుకోండి. ఇంకో మనిషిని ఎక్కించుకొని ఇలాంటి విన్యాసాలు చేస్తే ఇద్దరికీ ఉండాలి, 180 రోజులకోసారి మళ్లీ మడిపించాలి. బరువూ అంతే. మొత్తం పరిమితి 1800 పౌండ్లు, అంటే 816 కిలోలు. మా విమానం ఖాళీగానే 1300 పౌండ్లు తూగేది. ఇద్దరం ప్యారాచూట్లతో కూర్చుంటే ఫుల్ ట్యాంక్ మాకు ఏనాడూ కుదరలేదు. పెట్రోలు సగం పోసుకొని, గంట తిరిగి దిగేవాళ్లం.

ఇంకొకటి, మనవాళ్లకు పనికొచ్చేది. అమెరికాలో విమానం మనిషి పేరున రిజిస్టర్ కావాలంటే పౌరుడైనా కావాలి, గ్రీన్ కార్డైనా ఉండాలి. సూర్యాపేట తమ్ముడు అప్పట్లో వీసా మీద ఉన్నాడు కాబట్టి పేరు ఎక్కలేదు. కార్డు వచ్చాకే వాటా రాసుకున్నాం. మధ్యలో ఆరేళ్లు మాట మీదే నడిచింది.

ఇన్ని ఖర్చులు పెట్టి కూడా మళ్లీ కొంటావా అంటే కొంటాను, ఈసారి ఇద్దరు వాటాదారులతో కాదు, నలుగురితో. అల్లుడికి రాత్రి మళ్లీ ఫోన్ చేశాను. పెయింట్ ఫోటోలు ఇరవై పంపాడు. రెక్క మూతలు తీసిన ఫోటో ఒక్కటైనా పంపరా అంటే, "అమ్మేటాయన ఆదివారం తీస్తానన్నడు మామా" అన్నాడు. ఆదివారం దాకా చెక్కు రాయొద్దని చెప్పాను.