మరొకటి దొరకని నగ: ఆన్‌లైన్‌లో కొన్న చేతిపని ఆభరణాలు, ఏళ్ళ వాడకం తరువాత

చేతితో చేసిన, అచ్చం అలాంటిది ఇంకొకటి ఉండని నగలను నేను చాలా ఏళ్ళుగా ఆన్‌లైన్‌లో, చేసినవారి దగ్గరే నేరుగా కొంటున్నాను. ఫిరోజా (టర్కాయిస్) అనే నీలి రాయి పొదిగిన వెండి ఉంగరం, పట్టుదారంతో గుచ్చిన ముత్యాల దండ, వెండి మీద బంగారు పూత వేసిన చెవి దుద్దులు, లాబ్రడొరైట్ అనే నీలం మెరుపు రాయి ఉన్న లాకెట్, సుత్తి దెబ్బల గుర్తులతో మెరిసే రాగి కంకణం ఇప్పటికీ నా వాడుకలో ఉన్నాయి. పెట్టె విప్పిన రోజున అన్నీ బాగానే కనిపించాయి కాబట్టి ఆ రోజు అభిప్రాయానికి పెద్ద విలువ లేదు. వీటిని ఇంతకాలం ధరించాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: ఇలాంటి నగను కొనేటప్పుడు అందంతో పాటు, అది పాడైతే బాగుచేయడానికి వీలుగా చేశారా లేదా అన్నది చూడాలి. అచ్చుల్లో పోసి వందలుగా తీసిన నగ విరిగితే అదే నమూనాలో మరొకటి తెప్పించుకోవచ్చు. దీనికి ఆ దారి లేదు.

ముందుగా ఉంగరం సంగతి. దీన్ని స్టెర్లింగ్ వెండితో చేశారు; అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి, మిగిలింది ఎక్కువగా రాగి. స్వచ్ఛమైన వెండి రోజువారీ వాడకానికి మరీ మెత్తన కనుక ఈ కలయిక అవసరమవుతుంది. లోపలివైపు 925 అనే ముద్ర ఉంది. రాయిని జిగురుతో అంటించకుండా, చుట్టూ పలుచని వెండి అంచును లేపి దాన్ని రాయి మీదికి నొక్కి బిగించారు. ఈ కట్టు వల్ల రాయి అంచులకు దెబ్బ తగలదు, బట్టల దారాలు చిక్కుకోవు, కొంతకాలానికి వదులైనా ఏ పనివారైనా మళ్ళీ నొక్కి బిగించగలరు. నా ఉంగరానికి అలా ఒకసారి బిగింపు అవసరమైంది. రాయికి గీత కూడా పడకుండా పని పూర్తయింది. నాలుగు సన్నని కాళ్ళతో రాయిని పట్టి ఉంచే కట్టులో వెలుతురు ఎక్కువగా ఆడుతుంది కాని, ఆ కాళ్ళు అరిగిపోతాయి, వంగుతాయి. రోజూ వేసుకునే ఉంగరానికి నేను అంచు కట్టునే ఎంచుకుంటాను.

ఉంగరం కొలత విషయంలో తొందర పనికిరాదు. ఒక్కో దేశంలో ఒక్కో అంకెల పద్ధతి ఉంది కాబట్టి లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో అడగడం అన్నిటికంటే నమ్మదగినది. ఉదాహరణకు అమెరికా కొలతలో 7 అంటే సుమారు 17.3 మిల్లీమీటర్లు. వెడల్పాటి పట్టీ ఉన్న ఉంగరం అదే కొలతలో సన్నని ఉంగరం కంటే బిగుతుగా అనిపిస్తుంది. తరువాత కొలత మార్పించవచ్చులే అనుకోవడం ఈ నగలకు అంతగా నప్పదు. పట్టీ చుట్టూ చెక్కడం ఉంటే కోసి అతికిన చోట పని చెదిరిపోతుంది. పైగా ఫిరోజా, ఓపల్, ముత్యం వంటివి అతుకు వేసే మంట వేడికి తట్టుకోలేవు కాబట్టి ముందు రాయిని బయటికి తీయాలి.

ఫొటోలను చూసి కొంటున్నాం గనుక, ఫొటోలో చూపనిది ఏమిటో ఆలోచించాలి. నేను తప్పనిసరిగా అడిగేది వెనకవైపు ఫొటో. ముందువైపు ఎవరైనా శ్రద్ధగా మెరుగు పెడతారు. అతుకులు నునుపుగా ఉన్నాయా, చర్మానికి తగిలే అంచులను గుండ్రం చేశారా, లాకెట్ వేలాడే వలయపు నోటిని అతికి మూసేశారా లేక వంచి వదిలేశారా అన్నది వెనకే తెలుస్తుంది. వలయం నోరు తెరిచి ఉంటే, గొలుసు తెగకపోయినా లాకెట్ జారిపోతుంది. తరువాత అడిగేవి బరువు, కొలతలు, ధరించినప్పటి ఫొటో. చెవి దుద్దుల విషయంలో గ్రాముల లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే తెర మీద తేలికగా కనిపించిన దుద్దు సాయంత్రానికల్లా చెవి తమ్మెను లాగేస్తుంది. లాబ్రడొరైట్, ఓపల్ వంటి రాళ్ళు ఒక కోణంలోనే రంగులు చిమ్ముతాయి కాబట్టి వాటిని తిప్పుతూ తీసిన చిన్న వీడియో అడగడం న్యాయమే. నాకు లాకెట్ చేసి ఇచ్చినవారు అడగకముందే ఆ వీడియో పంపారు. నీలం మెరుపు ఏ వైపు వంచితే మాయమవుతుందో కూడా దానిలో చూపించారు. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ గౌరవం ఇస్తాను.

రాయి గురించి రాసే మాటలను కూడా నిదానంగా చదవాలి. ఫిరోజా సహజంగా సూక్ష్మ రంధ్రాలున్న రాయి. మార్కెట్‌లోకి వచ్చేదానిలో చాలా భాగాన్ని రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం పట్టించి గట్టిపరుస్తారు. చెప్పి అమ్మితే అది మోసం కాదు, రోజువారీ వాడకానికి మేలు కూడా. అయితే హౌలైట్ అనే వేరే తెల్లని రాయికి నీలం రంగు వేసి ఫిరోజా అని అమ్మడం వేరే సంగతి. ఓపల్‌లో కూడా పలుచని ఓపల్ పొరను వేరే రాతి మీద అతికించినవి ఉంటాయి; ఆ అతుకులోకి నీరు దిగితే పొర మసకబారుతుంది. రాయి సహజమైనదా, ఏ శుద్ధి చేశారు, జిగురు ఎక్కడైనా వాడారా అన్న ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని చోట నేను కొనను.

నా నగల్లో నన్ను నిరాశపరచినవి బంగారు పూత దుద్దులు. వర్ణనలో పూత మందం చెప్పలేదు. కొక్కేల దగ్గర, అంచుల మీద వెండి త్వరగానే బయటపడింది. బంగారు పూత అన్న మాట దానంతట అది ఏమీ చెప్పదు. అమెరికా మార్గదర్శకాల ప్రకారం వెర్మీల్ అనాలంటే అడుగున స్టెర్లింగ్ వెండి, పైన కనీసం 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బంగారం ఉండాలి. మామూలు పూత ఇంతకంటే చాలా పలుచగా ఉండవచ్చు. గోల్డ్ ఫిల్డ్ అని పిలిచేదానిలో బంగారు పొరను ఒత్తిడితో, వేడితో మూల లోహానికి అతుకుతారు, దాని బరువు సాధారణంగా మొత్తంలో 20వ వంతు ఉంటుంది. అది ఎంతో ఎక్కువ కాలం నిలుస్తుంది. దుద్దులకు రాపిడి తక్కువ కాబట్టి మంచి వెర్మీల్ సరిపోతుంది. ఉంగరానికి మాత్రం ఏ పూతనూ నేను సిఫారసు చేయను. నికెల్ పడనివారు పూత కింద ఏముందో కూడా అడగాలి, ఎందుకంటే పూత అరిగిన రోజున చర్మానికి తగిలేది అదే.

వెండి నల్లబడటం గురించి చాలామంది కంగారుపడతారు. గాలిలోని గంధక సమ్మేళనాలతో వెండి కలిసినప్పుడు పైన ఏర్పడే సిల్వర్ సల్ఫైడ్ పొరే ఆ నలుపు. లోహం కుళ్ళిపోవడం కాదు. తరచుగా ధరించే నగ ఆ రాపిడికే మెరుస్తూ ఉంటుంది, పెట్టెలో దాచినదే ముందు నల్లబడుతుంది. అయితే చేతిపని నగల్లో ఒక మెలిక ఉంది. చెక్కడం లోతుల్లో కనిపించే నలుపును చాలాసార్లు చేసినవారే గంధక ద్రావణంతో కావాలని తెప్పిస్తారు. ఆ నీడ వల్లే గీతలు తేలి కనిపిస్తాయి. వెండిని ముంచి తీసే శుద్ధి ద్రావణాలకు ఈ తేడా తెలియదు, అవి రెండు నలుపులనూ ఊడ్చేస్తాయి. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళతో చేసే పద్ధతి కూడా అంతే. అది సల్ఫైడ్‌ను తిరిగి వెండిగా మారుస్తుంది కాబట్టి రాయి లేని సాదా గొలుసుకు చక్కగా పనిచేస్తుంది. చెక్కడమున్న నగకు, ఫిరోజా వంటి రాయికి, జిగురు ఉన్నదానికి మాత్రం దాన్ని వాడకూడదు.

నేను చేసేది ఇంతే: గోరువెచ్చని నీటిలో ఒక చుక్క మృదువైన సబ్బు వేసి, మెత్తని బ్రష్‌తో వెండి భాగాన్ని మాత్రమే తుడిచి, వెంటనే ఆరబెట్టి, చివర పాలిష్ గుడ్డతో ఎత్తుగా ఉన్న చోట్ల తేలికగా రుద్దుతాను. ఫిరోజాను సబ్బుకు, నూనెకు, సెంటుకు దూరంగా ఉంచి, తడి పిండేసిన గుడ్డతో అద్దుతాను. నూనెలు పీలిస్తే దాని నీలం క్రమంగా ఆకుపచ్చగా మారుతుంది. దుమ్ము పట్టిన రాయిని పొడి గుడ్డతో రుద్దడం హానికరం. ఇంటి దుమ్ములో క్వార్ట్‌జ్ రేణువులు ఉంటాయి; రాళ్ళ గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో వాటిది 7, ఫిరోజాది 5 నుంచి 6, కాబట్టి అవి రాయిని గీస్తాయి. నగలను ధ్వని కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రాల జోలికి నేను పోను. వాటి కంపనాలు ఓపల్‌కు, ముత్యానికి, పచ్చ రాయికి, ఫిరోజాకు పడవు.

నా నగలన్నిటిలో ఎక్కువ మార్కులు ఇచ్చేది ముత్యాల దండకు. ప్రతి ముత్యానికీ మధ్య ఒక ముడి ఉంది. ఆ ముడి వల్ల ముత్యాలు ఒకదానితో ఒకటి ఒరుసుకోవు, దారం తెగినా రాలేది ఒకటే. ముత్యపు పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ కాబట్టి చెమటలోని ఆమ్లం కూడా దాన్ని నెమ్మదిగా తింటుంది. అందుకే అలంకరణ అంతా ముగిశాక వేసుకుని, అన్నిటికంటే ముందు తీసి, మెత్తని తడి గుడ్డతో తుడిచి, పరిచి ఉంచుతాను. వేలాడదీస్తే పట్టుదారం సాగుతుంది. ముడుల మధ్య దారం కనిపించడం మొదలైనప్పుడు మళ్ళీ గుచ్చించాను. ఏ మందపు దారం వాడారో చేసినవారు ముందే రాసి పంపి ఉండటంతో దండ వాలు ఏమాత్రం మారలేదు.

రాగి కంకణానికి పెద్ద సేవ అక్కర్లేదు. మణికట్టు మీద పడే ఆకుపచ్చ మరక సబ్బుతో పోతుంది. లోపలివైపు పలుచగా మైనం పూసుకుంటే ఆ మరక కూడా తగ్గుతుంది, కాని మైనం అరిగిన కొద్దీ మళ్ళీ పూస్తుండాలి.

దాచేటప్పుడు ఒక్కో వెండి నగను ఒక్కో చిన్న సంచిలో, గాలి తీసి మూసి, నల్లబడకుండా ఆపే కాగితపు ముక్కతో పాటు పెడతాను. రబ్బరు, ఉన్ని వెండి పక్కన ఉండకూడదు. రెండింటిలోనూ గంధకం ఉంటుంది.

వాపసు షరతులను డబ్బు కట్టకముందే చదవాలి. ఐరోపా సమాఖ్యలో, వ్యాపారి దుకాణానికి వెళ్ళకుండా ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చే హక్కు కొనుగోలుదారుకు ఉంది, కాని మీరు అడిగిన కొలతకు, పేరుకు ప్రత్యేకంగా చేయించుకున్నదానికి ఆ హక్కు వర్తించదు. అమ్మకానికి ముందే సిద్ధంగా ఉన్న నగ ఒక్కటే అయినంత మాత్రాన ఈ మినహాయింపులోకి రాదు. ఈ రెండింటినీ కలిపి వాపసు లేదనే అమ్మకందారులు కనిపిస్తారు. మిగతా చోట్ల నియమాలు వేరు కాబట్టి షరతులను రాతపూర్వకంగా తీసుకోవాలి. లోహం, రాయి, శుద్ధి, దారం, పూత మందం గురించి చేసినవారు రాసిన జవాబులను, వచ్చిన రోజున అన్ని వైపుల నుంచి తీసిన ఫొటోలను నేను నగ పేరుతో ఒకేచోట భద్రపరుస్తాను. ఉంగరం బిగింపుకు వెళ్ళినప్పుడు వేరే పనివారికి ఆ కాగితమే చూపించాను. రాయికి రెజిన్ పట్టించారని చదివి, వారు మంటను దగ్గరికి రానీయకుండా చేతి పనిముట్టుతోనే పని ముగించారు.