పరిశుద్ధ దేశ యాత్ర: నాకు సమాధానం దొరికిన చోట్లు, దొరకని చోట్లు

పరిశుద్ధ దేశం వెళ్లాలనుకునే విశ్వాసులు టూర్ వాళ్లను ముందుగా అడగాల్సింది, ఒక్కో చోట ప్రార్థనకు ఎంతసేపు ఇస్తారని. మా పట్టికలో స్థలాలకు లోటు లేదు, సమయానికే కరువు. కపెర్నహూములో పేతురు ఇల్లని చెప్పే శిథిలాల మీద 1990లో కట్టిన చర్చి ఉంది. అక్కడ వాక్యం తెరిచేలోపే బస్సు ఎక్కమన్నారు.

ఇంట్లో అనారోగ్యం, నిద్ర పట్టని రాత్రులు... ఆ భారంతోనే బయల్దేరాను. అందుకే ప్రతి స్థలాన్నీ ఒకే కొలతతో చూశాను: ఇక్కడ ప్రభువుతో మాట్లాడుకోవడానికి వీలుందా?

యెరూషలేము పాత నగరంలోని పరిశుద్ధ సమాధి చర్చికి చరిత్ర బలం ఎక్కువ. 335లో ప్రతిష్ఠించిన స్థలం అది. గ్రీకు ఆర్థడాక్స్, కాథలిక్, అర్మేనియన్ వంటి ఆరు సంఘాలు దాన్ని పంచుకుంటున్నాయి. తాళంచెవి మాత్రం తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గరే ఉంటుంది. గొల్గొతా అని చెప్పే చోట బలిపీఠం కింద వంగి, గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి పెట్టి బండను తాకాను. ఒళ్లు జలదరించింది. కానీ సమాధి దగ్గర పెద్ద క్యూ, లోపల నిలబడనిచ్చేది కాసేపే. నోట ప్రార్థన రాకముందే బయటికొచ్చేశాను. చూడకుండా మాత్రం రావద్దు, తెల్లవారుజామున వెళ్లండి.

దమస్కు ద్వారం బయట, యేసు సమాధి ఇదేనని కొందరు నమ్మే గార్డెన్ టూంబ్ సంగతి వేరు. ఆ రాతి సమాధి యేసు కాలానికి కొన్ని శతాబ్దాల ముందుదని పురావస్తు పరిశోధకులు అంటారు. కాబట్టి ప్రభువును ఉంచింది ఇక్కడేనని నేను చెప్పను. అయినా నా మనసు కుదుటపడింది ఇక్కడే. పక్కనే బస్ స్టేషన్, హారన్ల మోత. లోపల చెట్ల కింద బెంచీలు. ముందే బుక్ చేసుకుంటే గుంపులకు ప్రభువు బల్లకు చోటిస్తారు. బొటనవేలంత ఒలీవ చెక్క కప్పు చేతిలో పట్టుకున్నప్పుడు నాకు వచ్చిన ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, ఇది నేను మోయలేను, నువ్వే తీసుకో." ఏడుపు ఆగలేదు. ఇంటి పరిస్థితి ఆ రోజేమీ మారలేదు, గుండెలో బరువు మాత్రం దిగింది. లోకం ఇచ్చే శాంతి కాదు తాను ఇచ్చేదని ఆయన అన్న మాట ఎప్పట్నుంచో కంఠతా వచ్చు, ఆ రోజు అనుభవంలోకి వచ్చింది. ఇక్కడ టికెట్ లేదు, ఇష్టమైతే కానుక వేయొచ్చు. ఆదివారం సందర్శకులకు తెరవరు, గుర్తుంచుకోండి.

గెత్సేమనే చర్చి (1924) లోపల ఊదారంగు కిటికీల వల్ల పట్టపగలే మసక చీకటి. ఎంత జనం ఉన్నా గొంతులు వాటంతటవే తగ్గుతాయి. బయటి ఒలీవ చెట్లు రెండు వేల ఏళ్లవని చెబుతుంటారు. పరీక్షించిన మూడింటి మానులు 12వ శతాబ్దానివని తేలింది.

బస విషయానికొస్తే, పాత నగరంలో వియా దొలొరోసా (యేసు సిలువ మోసుకెళ్లాడని చెప్పే దారి) మీదున్న ఎక్కే హోమో కాన్వెంట్ గెస్ట్‌హౌస్ నాకు నచ్చింది. గది సాదా, డాబా మీద ప్రార్థనకు మంచి చోటు. అయితే ఆ సందుల్లోకి బస్సు రాదు. రాళ్ల దారిలో సామాను మోసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు గోడ బయటి హోటల్ చూసుకోవడమే మేలు.

గలిలయలో మాత్రం హోటల్ కంటే ధన్యతల కొండ మీద సిస్టర్లు నడిపే గెస్ట్‌హౌస్ దొరుకుతుందేమో ప్రయత్నించండి. పగలు బస్సుల రద్దీ, సాయంత్రం అవి వెళ్లిపోయాక తోటంతా బస చేసినవాళ్లదే. అష్టభుజి చర్చి 1938 నాటిది. కింద సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా లోతున ఉంది, చుట్టూ కొండలు. వాటి మీది నుంచి గాలి ఒక్కసారిగా దిగి అలలు లేపుతుంది. శిష్యుల భయం అక్కడ నిలబడితే బాగా అర్థమవుతుంది. పడవ షికారులో పాటలు గట్టిగా పెడతారు. కాసేపు ఇంజన్ ఆపమని అడగండి, మావాళ్లు అడిగితే ఆపారు.

యొర్దాను నది ఒడ్డున బాప్తిస్మాలు ఇచ్చే యార్దెనిత్‌లో ఏర్పాట్లు, బట్టలు మార్చుకునే గదులు బాగున్నాయి గానీ దుకాణం సందడి ఎక్కువ. మళ్లీ వెళితే ఆ పూటను ధన్యతల కొండకే ఇస్తాను.