ఏడేళ్లుగా మోచేతి కర్రలతో

నా కుడికాలు పూర్తి బరువు మోయదు. మొదట ఎనిమిది నెలలు చంకకర్రలతో నడిచాను. తర్వాత ఈ ఏడేళ్లూ అల్యూమినియం మోచేతి కర్రలే, అదే ఎల్బో క్రచెస్. కొనబోయేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది బరువెంత, ఎన్ని కిలోలు ఆపుతాయి అనే. నేను మాత్రం ముందు రెండు చోట్ల చూడమంటాను: చెయ్యి పట్టుకునే పిడి, నేలను పట్టుకునే రబ్బరు బుష్. రోజు ఎలా గడుస్తుందో ఆ రెండిట్లోనే ఉంది. నా మొదటి జత మార్చింది కూడా గొట్టం విరిగి కాదు. ఎత్తు సర్దే బటన్ కూర్చునే చిల్లు అరిగి, అడుగడుక్కీ టక్ టక్‌మని ఊగడం మొదలైంది, అందుకు.

చంకకర్రలు ఎందుకు మానేశానో చెప్పాలి. బరువు అరచేతుల మీద వేయాలని నాకు ఎవరూ సరిగ్గా చూపించలేదు. అలసిపోయినప్పుడల్లా చంకల మీద వాలిపోయేదాన్ని. కొన్ని నెలలకు కుడి మణికట్టు పైకెత్తడం కష్టమైంది, చెయ్యి వెనక తిమ్మిరి. చంకలో నరం నలుగుతోందని డాక్టర్ చెప్పాక చాలా భయపడ్డాను. కాలి కోసం పట్టుకున్న కర్ర చేతిని తీసుకుపోతుందేమోనని. అదృష్టం, ఒత్తిడి తీసేశాక మెల్లగా తగ్గింది.

మోచేతి కర్రలకు వచ్చాక నేను చేసిన తప్పు ఎత్తు. దాదాపు ఏడాది పాటు ఒక చిల్లు పైన పెట్టుకుని నడిచాను. భుజాలు చెవుల దాకా లేచి ఉండేవి, సాయంత్రానికి మెడ పట్టేసేది. రోజూ వేసుకునే చెప్పులు వేసుకుని, చేతులు వదులుగా కిందికి వేలాడేసి నిలబడండి. పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం, 15 నుంచి 30 డిగ్రీలు వంగాలి. పై కఫ్, అంటే ముంజేతిని చుట్టి పట్టుకునే పట్టీ, మోచేతికి ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళం కింద ఉండాలి. వేరే ఎవరైనా పక్కనుంచి చూసి సర్దితే మంచిది, మనకు మనం సరిగ్గా కనపడం.

పిడి సంగతి. సన్నగా, గుండ్రంగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉన్నది వద్దు. దానితో నాకు చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారేవి. అరచేతి ఆకారంలో వెడల్పుగా ఉన్న పిడికి మారాక బరువు అరచెయ్యంతా పరుచుకుంది, తిమ్మిరి పోయింది. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

మూడో ఏట పడ్డాను. అప్పుడే తుడిచిన నున్నటి టైల్స్, అరిగిపోయిన బుష్. కర్ర పక్కకు జారడం ఒక్క క్షణం ముందు చేతికి తెలిసింది, కానీ ఆపలేకపోయాను. తర్వాత బుష్ తీసి చూస్తే ఒక అంచు పూర్తిగా నున్నబడి ఉంది, రెండో అంచున గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. మనం కర్రను ఎప్పుడూ ఒకే వాలులో ఆనిస్తాం, అందుకే ఒక పక్కే అరుగుతుంది, పైనుంచి చూస్తే తెలియదు. ఇప్పుడు వారానికోసారి తిప్పి చూస్తాను. బాత్రూమ్ గడప దగ్గర పొడిగుడ్డ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, బయటికి రాగానే కర్రల చివర్లు దాని మీద ఒత్తి, అప్పుడు అడుగేస్తాను.

మెట్లు అనుకున్నంత కష్టం కాదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ బలహీనమైన కాలూ ముందు. రెయిలింగ్ ఉంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండు కర్రలూ రెండో చేతిలోకి తీసుకుంటాను. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది నిటారు ర్యాంప్. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుంటే ఇబ్బంది లేదు. అంతకన్నా నిటారుగా ఉంటే, దిగేటప్పుడు ఒళ్లంతా ముందుకు లాగేస్తుంది. అలాంటప్పుడు పక్కన రెయిలింగ్ ఉన్న నాలుగు మెట్లే నాకు సుఖం. ర్యాంప్ వీల్‌చైర్‌కు ఎంత అవసరమో మాకు రెయిలింగ్ అంత అవసరం. కట్టేవాళ్లు రెండూ పెట్టాలి.

రెండు చేతులూ కర్రలవే కాబట్టి ఏదీ పట్టుకోలేం. ఒక భుజానికి వేసుకునే సంచి ఊగి కర్రకు తగులుతుంది. వీపు సంచే మేలు. గ్లాసుతో నీళ్లు తెచ్చుకోలేను, బిగుతైన మూత ఉన్న సీసా సంచిలో వేసుకుంటాను. ఈ కర్రల్లో నాకు బాగా నచ్చింది కఫ్. పిడి వదిలినా కర్ర ముంజేతికి వేలాడుతూ ఉంటుంది, ఆ చేత్తో తలుపు తీయొచ్చు.

సాయం చేయాలని వచ్చేవాళ్లు దయచేసి జబ్బ పట్టుకోకండి. చెయ్యి పైకి లేస్తే కర్ర నేలను వదిలేస్తుంది, అప్పుడే పడతాం. తలుపు తీసి, నేను పూర్తిగా దాటేవరకూ పట్టుకుని నిలబడితే అంతకంటే గొప్ప సాయం లేదు.

రెండేళ్లుగా ఎక్కువ దూరం ఉన్న రోజుల్లో వీల్‌చైర్ వాడుతున్నాను. ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది, భుజాలు నొప్పెట్టాకే ఒప్పుకున్నాను. ఇప్పుడు వెళ్లిన చోట మనుషులతో మాట్లాడే ఓపిక మిగులుతోంది.

బుష్ మార్చేటప్పుడు ఒక మాట. పాతదాన్ని లాగితే రాదు, మెలితిప్పుతూ తీయాలి. కొత్తది గొట్టం కొలతకు బిగుతుగా సరిపోవాలి, వదులుగా ఉంటే వద్దు. నేల మీద గట్టిగా నొక్కి చివరిదాకా దిగిందో లేదో చూడండి. నేనైతే గోడ పక్కన నిలబడి పదిసార్లు బరువు వేసి చూశాకే బయటికి అడుగు పెడతాను.