సగం గోలీలే దొరికితే బిల్లు ఎంతకు కట్టాలి?

నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే. డాక్టర్ నెలకు రాస్తే మెడికల్ షాపులో సగమే ఉన్నాయి. మొత్తానికి డబ్బులు కట్టి మిగతావి తర్వాత తెచ్చుకోవాలా, చేతికొచ్చిన వాటికే బిల్లు అడగాలా?

"మొత్తం కట్టి పోండి, రేపు స్టాక్ వస్తది" అనే మాటలో సుఖం లేకపోలేదు. మన పేరు మీద తెప్పించి పక్కన పెడతారు. రీయింబర్స్‌మెంట్ పెట్టుకునే ఉద్యోగులకు రెండు బిల్లుల కన్నా ఒకటే తేలిక.

నేను మాత్రం తీసుకున్న వాటికే కడతాను. కారణం బ్యాచ్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన గోలీలకు కంపెనీ వేసే నంబర్. ఇవాళ కొట్టిన బిల్లులో పడేది ఇవాళ షాపులో ఉన్న షీట్ నంబరే. రేపు వచ్చే స్టాక్ వేరే బ్యాచ్ కావచ్చు, ఎక్స్‌పైరీ, ఎంఆర్‌పీ మారొచ్చు. ఆ గోలీల్లో ఏదన్నా తేడా ఉందని వెళ్తే, మన దగ్గరున్న బిల్లు వాటిది కానే కాదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు కూడా ఇచ్చిన మందు పేరు, ఎంత ఇచ్చారన్నది బిల్లులో ఉండాలంటుంది. ఇవ్వబోయేది కాదు.

పైసల సంగతీ ఉంది. 15 గోలీల షీట్ 120 రూపాయలనుకుందాం. రెండింటికి 240 కట్టి ఒకటే తెచ్చుకున్నారు. వారం తిరిగేసరికి బీపీ చూసి డాక్టర్ మందు మార్చారు. ఆ 120 వాపస్ అడిగితే "వేరే ఏదన్నా తీసుకోండి" అంటారు. బీపీ గోలీలకు కట్టిన పైసలకు పౌడర్ డబ్బా ఇంటికొస్తుంది!

సగమే తీసుకుంటే డాక్టర్ చిట్టీ మీద ఎన్ని ఇచ్చారో, తేదీతో సహా రాయించి షాపు ముద్ర వేయించుకోండి. మిగతావి ఇంకో షాపులో అడగాలన్నా అదే ఆధారం. హెచ్1 జాబితాలోని (డాక్టర్ చిట్టీ లేకుండా అమ్మకూడని, లెక్క రాయాల్సిన మందుల జాబితా) యాంటీబయాటిక్స్‌కైతే ఎన్ని ఇచ్చిందీ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి, కాబట్టి లెక్క వాళ్లకూ కావాలి. షీట్ కత్తిరిస్తుంటే కత్తెర ఎటు పడుతోందో చూడండి. నంబరూ ఎక్స్‌పైరీ ఉన్న అంచు షాపులోనే మిగిలితే మీ చేతిలోవి ఊరూ పేరూ లేని గోలీలే.

నల్గొండ ప్రకాశం బజార్‌లో ఇంకో రెండు షాపులు తిరిగితే ఒక్కోసారి మొత్తం దొరుకుతుంది. బ్రాండ్ మార్చి ఇస్తే డాక్టర్‌ను అడగాలి, అంతే. ఆన్‌లైన్ అంటారా, అది రేపటి గోలీ ఇవాళే చేతిలో ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

ఖరీదైన ఇంజెక్షన్లు మాత్రం వేరు. మన ఒక్కరి కోసం తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టాలి, మనం రాకపోతే నష్టం షాపుదే. వాళ్లు ముందు డబ్బు అడగడం న్యాయమే. కాకపోతే దాన్ని అడ్వాన్స్ అని కాగితం మీద రాయించుకుని, అసలు బిల్లు మందు చేతికొచ్చిన రోజు తీసుకోండి.