304 స్టీలని చెప్పి అంటగట్టారు: రెయిలింగ్ వేయించేవాళ్లు జాగ్రత్త

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు స్టీలు రెయిలింగ్ వేయించే ముందు దయచేసి ఇది చదవండి.

మాది ఎంవీపీ కాలనీ. రెండేళ్ల క్రితం మొదటి అంతస్తు బాల్కనీకి రెయిలింగ్ పెట్టించాం. వేసినతను 304 గ్రేడు, అంటే తుప్పుని బాగా తట్టుకునే మేలురకం స్టీలు అన్నాడు, 304 ధరే తీసుకున్నాడు. పైపుకి అయస్కాంతం ఆనించి "చూడండి సార్, అంటుకోవట్లేదు, అసలైన స్టీలు" అన్నాడు. నమ్మాను. కానీ నాసిరకం 202 పైపు కూడా అయస్కాంతానికి అంటుకోదు! అందులో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. మెరుపులో తేడా కంటికి ఆనదు.

మొదటి వర్షాకాలం దాటగానే పైపుల మీద టీ ఒలికినట్టు మరకలు. తుడిస్తే పోయేవి, వారానికల్లా మళ్లీ వచ్చేవి. మొన్న పండక్కి కడుగుతూ గోటితో గీకితే మరక కింద సూదిమొనంత గుంటలు తగిలాయి. స్టీలుని కాపాడేది క్రోమియం వల్ల ఏర్పడే, కంటికి కనపడని పల్చటి పొర. ఉప్పుగాలిలోని క్లోరైడు దాన్ని చుక్కలు చుక్కలుగా ఛేదిస్తుంది. అక్కడి నుంచి తుప్పు లోపలికి తొలుచుకుంటూ పోతుంది. పైకి మాత్రం పైపు మెరుస్తూనే ఉంటుంది. టైల్స్ మీది సిమెంటు మరకలకి తాపీవాళ్లు పోసే యాసిడ్‌లోనూ ఉండేది ఆ క్లోరైడే.

స్తంభాల అడుగున వెల్డింగ్ దగ్గర ఇంకా ఘోరం. నల్లగా కమిలిన అతుకుని శుభ్రం చేయకుండానే పైన మూత తొడిగేశారు. అది ఎత్తి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పైపులోకి దిగిపోయింది. సాయంత్రం నా బండి కోసం మా పాప రోజూ ఆ రెయిలింగ్‌కే ఆనుకుని నిలబడుతుంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మిగిలిన పైపు ముక్కని ల్యాబ్‌లో ఇస్తే నికెల్ 1 శాతం దగ్గర తేలింది. 304లో 8 శాతం, 202లోనైనా 4 శాతం ఉండాలి. అతను ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు మీద 'స్టీలు పైపు' అనే ఉంది, గ్రేడు లేదు. గట్టిగా అడగడానికి నా చేతిలో కాగితం లేదు.

అందుకే బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. పూర్తి డబ్బు ఇచ్చేముందే ముక్క కోయించి పరీక్ష చేయించండి. బీచ్‌కి ఎదురుగానే ఇల్లయితే 304కి కూడా మరకలొస్తాయి, మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 గ్రేడు అడగండి. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు ఈ రోజే స్తంభాల అడుగున మూతలు ఎత్తి చూడండి. మేమైతే బాల్కనీ తలుపుకి తాళం వేసేశాం.