బురద అంటిందని ఆరు వేలు

ఆఫ్‌రోడ్ బండి అని చెప్పి రోజుకు 7,500 లెక్కన రెండు రోజులకు అద్దెకిచ్చినాయన, తిరిగి అప్పజెప్పేటప్పుడు కిందికి వంగి చూసి, "అన్నా, బురదలకు దింపినట్టున్నరే" అని 10,000 డిపాజిట్‌లో 6,000 కోసుకున్నాడు. బురదలోకి దింపకపోతే అంత పెద్ద టైర్లు దేనికి, వాకిట్లో ముగ్గులు తొక్కడానికా?

మూడు డోర్ల మహీంద్రా థార్ జీపు అది. సస్పెన్షన్ లేపారు, 33 అంగుళాల మడ్ టైర్లు వేశారు, ముందు ఇనుప గార్డు, నెత్తిన లైట్ బార్, మడత టెంటు. మావాడికి పండగే. అమ్మకు మాత్రం కాలు అందలేదు. "గిది బండా, చేను కాడి మంచెనా? ఎక్కుడు నాతోని కాదు బిడ్డా" అంది. సోమశిల పోతూ కల్వకుర్తిలో ఆగి 180 పెట్టి ప్లాస్టిక్ స్టూలు కొన్నాం. ఆ తర్వాత ఎక్కడ ఆగినా ముందు దిగింది స్టూలే. 80 దాటితే టైర్ల హోరుకి ఒకరి మాట ఒకరికి వినపడదు. మా ఆవిడ మాట్లాడ్డమే మానేసింది. అది హోరు వల్ల కాదు, కోపం వల్లని కొల్లాపూర్‌లో తెలిసింది.

సోమశిల దగ్గర కృష్ణ అంటే శ్రీశైలం వెనక జలాలే. డ్యామ్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. సంక్రాంతి నాటికి నీళ్లు వెనక్కి పోయి ఒడ్డున ఒండ్రు తేలుతుంది. పైన పెంకులా ఎండి, అడుగున గుజ్జు. బండి మీద నమ్మకంతో దింపాను. ముప్పై గజాలు పోలేదు, టైర్ల గాళ్లలో మట్టి నిండి నున్నగా గుమ్మడికాయల్లా అయ్యాయి. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ దిగబడుతోంది. గొర్లు కాస్తున్న పెద్దాయన కాసేపు చూసి, "తొక్కకు సారూ, గాలి తియ్యి" అన్నాడు. 35 ఉన్న గాలిని 18కి దించాను. టైరు పరుచుకుని నేలను పట్టింది. నాలుగు చక్రాలకూ బలమిచ్చే 'ఫోర్ లో' గేరులో పెట్టి మెల్లగా బయటపడ్డాం. పెద్దాయన డబ్బులు వద్దన్నాడు, మావాడి చేతిలోని బిస్కెట్ పాకెట్ మాత్రం తీసుకున్నాడు. బండిలో గాలి పంపు లేదు! కొల్లాపూర్ దాకా ఎడ్లబండిలా నడిపి, పంక్చర్ షాపులో 40 ఇచ్చి కొట్టించుకున్నాం.

అంతకుముందే ఒడ్డున రేకుల షెడ్డులో తిన్న బొచ్చె చేప వేపుడు లేకపోతే ఇంట్లో యుద్ధమే. ప్లేటు 150, జొన్న రొట్టె 20. తోలు పొంగి కరకరలాడుతోంది, లోపల తెల్లగా పొరలు పొరలు. అమ్మ ముల్లు తీసి మనవడికి పెడుతూనే రెండో ప్లేటు చెప్పింది. బండి మాటే మరిచింది.

రాత్రి టెంటు జిప్పు రాలేదు. 1,400కి రూము తీసుకున్నాం, బాగుంది. మర్నాడు మన్ననూరు. అమ్రాబాద్ 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అడవి. ఫరహాబాద్ సఫారీకి అటవీశాఖ బండ్లే పోతాయి. అదే మంచిది కూడా. మా మంచె గేటు దగ్గరే నిలబడి మాకోసం ఎదురుచూసింది. అడవి దారి రాత్రి 9కి మూస్తారు, లెక్క చూసుకుని బయల్దేరండి.

అద్దెకు తీసుకునేవాళ్లు ముందు నంబర్ ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్ బండికి నలుపు మీద పసుపు అక్షరాలుండాలి. మాది తెల్ల ప్లేటు, అంటే సొంతానికి వాడుకునే బండి, నేను అక్కడే వెనక్కి తిరగాల్సింది. ముందు ఇనుప గార్డుల్ని కేంద్రం 2017లోనే నిషేధించింది. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చి తిప్పడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఎక్కడైనా గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయొచ్చు. అసలు మామూలు థారే నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తు, 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో పాలమూరు తిరగడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇవన్నీ ఆయనకు ఫోన్లో చదివి వినిపిస్తే సాయంత్రానికల్లా 4,000 ఫోన్‌పే వచ్చింది. మిగతా 2,000 కడిగినందుకట. స్టూలు మాత్రం ఆ బండిలోనే మరిచిపోయాం. అమ్మ ఇంకా దాన్నే అడుగుతోంది.