పొట్టా కరుగుతుంది, మగతనమూ పెరుగుతుందని అమ్మే 40 రోజుల కోర్సు కొనకండి

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో రాత్రి డ్యూటీ మేనేజరుగా పని చేస్తున్నాను. వయసు 46. ఇది రాయాలా వద్దా అని మూడు వారాలు తటపటాయించాను. మనం సిగ్గుపడి నోరు మూసుకుంటామన్న ధీమాతోనే వాళ్ల వ్యాపారం నడుస్తోందని అర్థమయ్యాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. వచ్చే నెలకు అదే పొడి మరో పేరుతో, మరో డబ్బాలో వస్తుంది కాబట్టి పేరు గుర్తుపెట్టుకున్నా మీకు ఉపయోగం లేదు.

పదేళ్ల కిందట నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండ ఎక్కేవాడిని. 3,550 మెట్లు, మధ్యలో రెండుసార్లు కూర్చుంటే చాలు. ఇప్పుడు గాలిగోపురం చేరేలోపే ఆయాసం. రాత్రంతా కుర్చీలో కూర్చోవడం, రెండు గంటలకు టీతో పాటు బజ్జీలు, పగలు నిద్ర. ప్యాంటు సైజు 32 నుంచి 40కి వచ్చింది. ఏడాదిగా పడకగదిలోనూ ఇబ్బంది మొదలైంది. నా భార్య ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువగా గుచ్చింది.

అలాంటి ఒక రాత్రి, లాడ్జీలో అందరూ నిద్రపోయాక, ఫోనులో ప్రకటన కనిపించింది. నంబరు ఇచ్చిన పది నిమిషాలకే ఫోన్ చేశారు. అవతల ఒకతను చాలా మర్యాదగా మాట్లాడాడు. ‘ఇది నరాల బలహీనత సార్, పొట్ట కొవ్వు నరాలను నొక్కేస్తోంది’ అన్నాడు. షుగరు ఉందా, బీపీ మాత్రలు వాడుతున్నారా, గుండె జబ్బు ఉందా, ఒక్కటీ అడగలేదు. అడిగిందల్లా పిన్‌కోడు. పార్సిల్ తెచ్చిన అబ్బాయి చేతిలో 8,400 రూపాయలు పెట్టాను. డబ్బాలో ఒక పొడి, 40 క్యాప్సూల్స్, ఒక నూనె సీసా, కరెంటుతో వేడెక్కే నడుము బెల్టు ఉన్నాయి. తయారీదారు చిరునామా ఎక్కడా లేదు. ‘వంద శాతం మూలికలు’ అన్న మాట మాత్రం నాలుగు వైపులా ఉంది.

బెల్టు సంగతి ఒక్క మాటలో చెబుతాను. అరగంట కట్టుకుంటే చెమట కారుతుంది, తూకంలో అర కిలో తగ్గుతుంది, రెండు గ్లాసుల మజ్జిగ తాగితే తిరిగి వస్తుంది. పొడి తింటే విరేచనాలయ్యాయి. నూనె నూనెలాగే ఉంది.

అసలు ప్రమాదం క్యాప్సూల్‌లో ఉంది, ఎందుకంటే అది పని చేసింది. మొదటి రోజే చేసింది. నలభై రోజులు పట్టాల్సిన మూలిక గంటలో ఫలితం చూపితే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, సంతోషం వచ్చింది. ఆ వెంటనే ముఖం వేడెక్కి ఎర్రబడింది, ముక్కు దిబ్బడ వేసింది, తల పగిలిపోయేంత నొప్పి. మూడో రోజు రెండు వేసుకుంటే డ్యూటీలో కంప్యూటర్ తెర, గోడలు, రిజిస్టరు కాగితాలు అన్నీ లేత నీలంగా కనిపించాయి. భయం వేసి డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన క్యాప్సూల్ వాసన చూసి పక్కన పెట్టారు. పరీక్షశాలకు పంపనిదే లోపల ఏముందో ఖాయంగా చెప్పలేనని, అయితే ఈ లక్షణాలన్నీ సిల్డెనాఫిల్‌వేనని అన్నారు. వయాగ్రాలో ఉండే మందు అదే. అమెరికాలో 1998లో అనుమతి పొందింది, డాక్టరు రాసిస్తే మంచి మందే. మూలికల పేరుతో అమ్మే సరుకులో దాన్ని చెప్పకుండా, ఎంత మోతాదో తెలియకుండా కలిపేస్తుంటారు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవారు దీన్ని మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చు.

ఆ మాట విన్నాక నా కాళ్లు వణికాయి. దర్శనానికి వచ్చి మా ఇంట్లో దిగిన చిత్తూరు బావ డబ్బా చూసి నవ్వుతూ అడిగితే నాలుగు క్యాప్సూల్స్ ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు స్టెంట్ వేసి రెండేళ్లయింది. నాలుక కింద మాత్ర ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. డాక్టరు గది బయటకు వచ్చి ఫోన్ చేశాను. ‘బావా, ఆ మాత్రలు వేసుకున్నారా?’ అటువైపు కాసేపు మౌనం. ‘ఎక్కడ నాయనా, మీ అక్క చేతికి చిక్కాయి. చెత్తబుట్టలో పడేసి నన్ను రెండు రోజులు సాధించింది’ అన్నారు. మా అక్క కోపానికి నేను ఎన్నడూ అంత సంతోషించలేదు.

మళ్లీ లోపలికి వెళితే డాక్టరు గారు టేపు తీశారు. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక కొలవాలట. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి, నాకు 106. చర్మం కింద పట్టుకుంటే దొరికే కొవ్వు కంటే, లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వుతోనే చిక్కు ఎక్కువ. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మరోవైపు ఇన్సులిన్ సరిగా పని చేయక రక్తనాళాలు వ్యాకోచించే గుణం తగ్గుతుంది. అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లవి, గుండెవి మూడు నాలుగు మిల్లీమీటర్లవి. అందుకే పూడిక ఇబ్బంది ముందు సన్న నాళంలో బయటపడుతుంది, గుండె వంతు కొన్నేళ్ల తర్వాత వస్తుంది. నేను 8,400 పెట్టి నోరు నొక్కాలని చూసింది ఆ హెచ్చరికనే.

రక్త పరీక్షలో మూడు నెలల షుగరు సగటు (HbA1c) 7.1 శాతం అని తేలింది, అంటే షుగరు జబ్బు ఉన్నట్లే. టెస్టోస్టిరాన్‌కు రక్తం ఉదయమే ఇవ్వాలి, మధ్యాహ్నానికి అది సహజంగానే తగ్గుతుంది. నాది కాస్త తక్కువ. గురక గురించీ అడిగారు, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు కూడా ఈ సమస్యను పెంచుతుందట. జిమ్ములో ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకుంటే వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, పిల్లలు కావాలనుకునే కుర్రవాళ్లు ఇది గమనించాలి. మరో సంగతి, పొత్తికడుపు కింద కొవ్వు పేరుకుంటే అంగం లోపలికి పోయినట్లు, చిన్నదైనట్లు కనిపిస్తుంది. నిజానికి కొలత తగ్గదు. ఈ భయాన్నే వాళ్లు నూనె సీసాలో పోసి అమ్ముతున్నారు.

ఇటలీలో 110 మంది స్థూలకాయులపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనం గురించి డాక్టరు చెప్పారు. రెండేళ్లు తిండి అదుపు, వ్యాయామం పాటించిన బృందంలో సుమారు మూడో వంతు మందికి ఏ మందూ లేకుండానే సామర్థ్యం తిరిగి వచ్చింది. మూడో వంతే కదా అని మొదట నిరాశపడ్డాను. తర్వాత ఆలోచిస్తే డబ్బా మీద రాసిన వంద శాతం కంటే ఆ లెక్కే నమ్మబుద్ధి అయింది.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఏం జరిగిందో కూడా వినండి. ‘సీనియర్ డాక్టరు’ అంటూ మరొకడు లైన్లోకి వచ్చి, కోర్సు మధ్యలో ఆపితే శాశ్వతంగా పనికిరాకుండా పోతారని, 12,000 పెట్టి రెండోది కొనాల్సిందేనని చెప్పాడు. కుదరదంటే, మీ ఇంటి నంబరుకు ఫోన్ చేసి మీ ఆవిడతో మాట్లాడతామన్నాడు. ఆ సాయంత్రమే నా భార్యకు అంతా చెప్పేశాను. ఆ రోజుతో వాళ్ల చేతిలో ఆయుధం లేకుండా పోయింది. మీరూ అదే చేయండి.

లైంగిక శక్తి పెంచుతామని, ఊబకాయం పోగొడతామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. ఫోను ద్వారా డబ్బు పంపి మోసపోయినవారు వెంటనే 1930కి చెప్పాలి. మిగిలిన క్యాప్సూల్స్, డబ్బా, పార్సిల్ రసీదు పారేయకుండా లాడ్జీ లాకర్లో పెట్టాను. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వడానికి అవే ఆధారం.

డ్యూటీ పగటికి మార్పించుకున్నాను. షుగరు మాత్ర వేసుకుంటున్నాను, బజ్జీలు మానేశాను, రోజూ పొద్దున కపిలతీర్థం దాకా నడుస్తున్నాను. నడుము 103కు వచ్చింది. నిన్న నడకలో ఉండగా వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు. రెండో కోర్సు ఇప్పుడు సగం ధరకే ఇస్తారట.